చదివింపుల పద్దుకి పీహెచ్‌పీలో ఉన్న డేటాబేస్ చాలు

మా పెద్దక్క కూతురి పెళ్లికి చదివింపులు రాసే పని నా మెడకి చుట్టుకుంది. "కంప్యూటర్ల వాడివి కదయ్యా, ఇంకా పుస్తకం ఏంటి, దాంట్లోనే కొట్టెయ్" అన్నారు బావగారు. పెళ్లి తణుకులో, ముహూర్తం తెల్లవారుజామున 2 గంటల 10 నిమిషాలకి. మండపంలో నెట్ లేదు. రాసేది ఇద్దరం: ఆడపిల్లవారి వైపు నేను, మగపెళ్లివారి వైపు మా మేనల్లుడు. ఎక్సెల్ అయితే ఇద్దరి చేతుల్లో రెండు ఫైళ్లవుతాయి. మేనల్లుడి ల్యాప్‌టాప్‌లో వెబ్ పేజీల ప్రోగ్రాములు రాసే భాష పీహెచ్‌పీ 8.2 ఉంది కానీ, డేటాబేస్ సర్వర్ అయిన మైఎస్‌క్యూఎల్ లేదు. "మావయ్యా, డేటాబేస్ లేకుండా ఎలా?" అన్నాడు. ఉందిరా, ఎస్‌క్యూలైట్ అని, పీహెచ్‌పీతో పాటే వచ్చింది, నువ్వు చూసుకోలేదు అన్నాను.

అప్పటికి నేను హైదరాబాద్‌లో ఉన్నాను కాబట్టి సగం పని వాడితో ఫోన్‌లోనే చేయించాను. ఇక్కడా అలాగే చెబుతాను. నేను పలికే కమాండ్లని మీరు ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టుకోండి.

ముందు ఒక పాత ముచ్చట. 2006లో నేను అమీర్‌పేటలో పీహెచ్‌పీ నేర్చుకున్నప్పుడు డేటాబేస్ అంటే మాకు మైఎస్‌క్యూఎల్ ఒక్కటే. జిరాక్స్ నోట్సు తెరిస్తే మొదటి పేజీలో 'మైఎస్‌క్యూఎల్ అండర్‌స్కోర్ కనెక్ట్' ఉండేది. ఆ ఫంక్షన్లు ఇప్పుడు లేవు. 2013లో వచ్చిన పీహెచ్‌పీ 5.5లో వీటిని వాడొద్దని హెచ్చరించి, 2015 డిసెంబరులో వచ్చిన 7.0లో పూర్తిగా తీసేశారు. ఇప్పటికీ ఆ నోట్సు చూసి నేర్చుకుంటున్నవాళ్లు నాకు తగులుతూనే ఉంటారు. నిజానికి 2004 జులైలో వచ్చిన పీహెచ్‌పీ 5.0తోనే ఎస్‌క్యూలైట్ వచ్చేసింది. మరుసటి ఏడాది నవంబరులో 5.1తో పీడీఓ వచ్చింది. పీడీఓ అంటే ఏ డేటాబేస్‌తోనైనా ఒకే తీరుగా మాట్లాడించే పొర. మేం అమీర్‌పేటలో కూర్చున్న నాటికే ఇవన్నీ ఉన్నాయి, మాకు చెప్పినవాళ్లే లేరు.

ఎస్‌క్యూలైట్‌కి సర్వర్ ఉండదు. డేటాబేస్ అంతా ఒక్క ఫైలు. రిచర్డ్ హిప్ 2000లో దీన్ని మొదలుపెట్టడానికి కారణం అమెరికా నౌకాదళపు యుద్ధనౌక కోసం ఆయన చేస్తున్న పని. డేటాబేస్ సర్వర్ పడిపోయినప్పుడల్లా ప్రోగ్రామూ ఆగిపోతుంటే, అసలు సర్వర్ అవసరమే లేకుండా చేద్దామనుకున్నాడు. పెళ్లి మండపంలో మన అవసరమూ అదే.

ఇక పని. టెర్మినల్ తెరిచి 'పీహెచ్‌పీ, ఖాళీ, మైనస్, చిన్న ఎమ్' అని కొట్టండి. పీహెచ్‌పీలో ఏమేం కలిసి ఉన్నాయో జాబితా వస్తుంది. అందులో 'పీడీఓ', 'పీడీఓ అండర్‌స్కోర్ ఎస్‌క్యూలైట్' రెండూ కనిపించాలి. ఉబుంటులో రెండోది కనిపించకపోతే కంగారు పడకండి, అక్కడ దాన్ని విడి ప్యాకేజీగా ఇస్తారు. 'ఆప్ట్ ఇన్‌స్టాల్' తరవాత 'పీహెచ్‌పీ హైఫన్ ఎస్‌క్యూలైట్3' అంటే సరిపోతుంది. విండోస్‌లో అయితే పీహెచ్‌పీ ఫోల్డర్‌లో ఉన్న ఐఎన్ఐ ఫైలు తెరిచి, 'ఎక్స్‌టెన్షన్ ఈక్వల్ టు పీడీఓ అండర్‌స్కోర్ ఎస్‌క్యూలైట్' అన్న లైను ముందున్న సెమీకోలన్ తీసేయండి. మావాడిది విండోసే. సెమీకోలన్ తీశాడు కానీ ఫైలు సేవ్ చేయలేదు. ఆ సంగతి తేలేసరికి పావుగంట గడిచింది.

తరవాత ఫోల్డర్లు. ఒక పెద్ద ఫోల్డర్, దాని లోపల రెండు: 'పబ్లిక్' అని ఒకటి, 'డేటా' అని ఒకటి. పేజీలన్నీ పబ్లిక్‌లో, డేటాబేస్ ఫైలు డేటాలో. ఈ విభజన ఎందుకో అర్థం చేసుకోవాలి. ఫైలు పబ్లిక్‌లోనే పడేస్తే, దాని పేరు ఊహించగలిగినవాడు బ్రౌజర్‌లో ఆ పేరు కొట్టి మొత్తం పద్దుని డౌన్‌లోడ్ చేసుకుంటాడు. ఎవరు ఎంత చదివించారో ఊరంతటికీ తెలిస్తే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

ఇంకొకటి, ఫైలుకే కాదు, ఆ ఫోల్డర్‌కి కూడా రాసే అనుమతి ఉండాలి. ఎస్‌క్యూలైట్ పని చేస్తున్నప్పుడు అసలు ఫైలు పక్కనే తన అవసరానికి చిన్న చిన్న ఫైళ్లు పెట్టుకుంటుంది. హోస్టింగ్‌లో పెట్టినప్పుడు 'రీడ్‌ఓన్లీ డేటాబేస్' అని ఎర్రర్ వస్తే నూటికి తొంభై సార్లు ఇదే కారణం. ఫైలుకి అనుమతి ఇచ్చి ఫోల్డర్‌ని మరిచిపోయుంటారు.

కనెక్షన్ ఒక్క లైను. 'న్యూ పీడీఓ' అని రాసి, బ్రాకెట్లో, కోట్స్ మధ్య 'ఎస్‌క్యూలైట్' అన్న మాట, కోలన్, దాని వెంటే ఫైలు దారి. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఏమీ అక్కర్లేదు. ఫైలు దారిని మాత్రం 'డబుల్ అండర్‌స్కోర్ డీఐఆర్ డబుల్ అండర్‌స్కోర్'తో మొదలుపెట్టి పూర్తిగా ఇవ్వండి. సగం దారి ఇస్తే ఏమవుతుందంటే, ఆ చోట ఫైలు లేకపోతే ఎస్‌క్యూలైట్ మారుమాట లేకుండా ఖాళీ ఫైలు ఒకటి కొత్తగా సృష్టించుకుంటుంది. మీకేమో 'నో సచ్ టేబుల్' అని వస్తుంది. ఇందాకటి దాకా ఉన్న టేబుల్ ఏమైపోయిందా అని గుండె జారిపోతుంది. టేబుల్ ఎక్కడికీ పోలేదు, మీరు వేరే ఫైలు తెరిచారు.

కనెక్షన్ కింద రెండు లైన్లు తప్పకుండా పెట్టండి. రెండూ ప్రాగ్మాలే, అంటే ఎస్‌క్యూలైట్‌కి చెప్పే సెట్టింగులు. 'ప్రాగ్మా జర్నల్ మోడ్'ని 'వాల్' చేయాలి, అంటే మార్పులని ముందు పక్కన ఇంకో ఫైలులో రాసుకునే పద్ధతి. ఒకరు రాస్తుండగా ఇంకొకరు చదవడానికి అడ్డం లేకుండా ఉంటుంది. ఇది ఒకసారి చెబితే ఫైలు గుర్తుపెట్టుకుంటుంది. రెండోది 'ప్రాగ్మా ఫారిన్ కీస్' ఆన్ చేయడం, ఒక టేబుల్ ఇంకో టేబుల్‌లోని పద్దుని చూపిస్తే అది నిజంగా ఉందో లేదో చూసే కాపలా ఇది. ఇది గుర్తుపెట్టుకోదు, కనెక్ట్ అయిన ప్రతిసారీ చెప్పాల్సిందే. ఎర్రర్ వస్తే ఎక్సెప్షన్ రావాలన్న, అంటే ప్రోగ్రాం అక్కడే ఆగి చెప్పాలన్న సెట్టింగ్ పీహెచ్‌పీ 8.0 నుంచి దానంతట అదే ఉంటుంది. అంతకన్నా పాత పీహెచ్‌పీ అయితే మీరే పెట్టాలి. లేకపోతే ఇన్సర్ట్, అంటే పద్దు ఎక్కించడం, విఫలమైనా పేజీ 'ధన్యవాదాలు' అని నవ్వుతూ కూర్చుంటుంది.

రాయడం మాత్రం ఒకసారి ఒకరికే కుదురుతుంది, రెండోవాళ్లు క్యూలో ఆగాలి. పీడీఓ ఇందులో మంచిది, ఎవరైనా రాస్తుంటే 60 సెకన్ల దాకా తనే ఓపిక పట్టి మళ్లీ ప్రయత్నిస్తుంది. పీహెచ్‌పీలోనే ఉన్న 'ఎస్‌క్యూలైట్3' క్లాస్‌కి ఆ ఓపిక లేదు, మీరే 'బిజీ టైమౌట్' పెట్టాలి. అందుకూ, రేపు డేటాబేస్ మార్చాల్సి వచ్చినా కోడ్ పెద్దగా మారదు కాబట్టీ నేను ఎప్పుడూ పీడీఓనే వాడతాను.

టేబుల్ దగ్గర కాసేపు ఆగాలి. నేను నిజంగా దెబ్బతిన్నది ఇక్కడే. అంతకు ముందు ఏడాది మా తమ్ముడి గృహప్రవేశానికి ఇలాంటిదే ఒకటి రాశాను. 'అమౌంట్' కాలమ్‌కి ఇంటిజర్ అని పెట్టాను, ఇంకేం భయం అనుకున్నాను. రాత్రి లెక్క చూస్తే చేతిలో ఉన్న డబ్బు కన్నా కంప్యూటర్ చూపించిన మొత్తం 7 వేల పైచిలుకు తక్కువ. డబ్బు ఎక్కువ ఉంది కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు, కానీ నాకు నిద్ర పట్టలేదు. తెల్లారి చూస్తే మూడు పద్దుల్లో 1116కి బదులు 1,116 అని, 5116కి బదులు 5,116 అని కామాలు పెట్టి కొట్టి ఉన్నాయి. మామూలు ఎస్‌క్యూలైట్ టేబుల్‌లో ఇంటిజర్ అన్నది ఆజ్ఞ కాదు, సూచన. అంకెగా మార్చగలిగితే మారుస్తుంది, లేకపోతే అక్షరాలుగానే దాచుకుంటుంది. కూడేటప్పుడు ఆ కామా ఉన్నవి వేలుగా లెక్కలోకి రావు. మైఎస్‌క్యూఎల్ అలవాటైనవాళ్లకి ఇది మింగుడుపడదు.

మందు ఉంది. ఎస్‌క్యూలైట్ 3.37 నుంచి, అంటే 2021 నవంబరు నుంచి, క్రియేట్ టేబుల్ వాక్యం చివర బ్రాకెట్ మూసిన తరవాత 'స్ట్రిక్ట్' అన్న ఒక్క మాట పెడితే చాలు. అప్పుడు ఇంటిజర్ అంటే ఇంటిజరే, 1,116 ఇస్తే ఎర్రర్ కొడుతుంది. మీ దగ్గరున్న ఎస్‌క్యూలైట్ ఏ వెర్షనో తెలియాలంటే 'సెలెక్ట్ ఎస్‌క్యూలైట్ అండర్‌స్కోర్ వెర్షన్' అని, బ్రాకెట్లు తెరిచి మూసి, అడగండి. దానితో పాటు 'చెక్, అమౌంట్ సున్నా కన్నా ఎక్కువ' అన్న షరతూ పెట్టాను. పేజీలో కామాలు తీసేసి, మిగిలింది పూర్తి అంకేనా అని 'ఫిల్టర్ వార్'తో చూసి, ఆ తరవాతే డేటాబేస్‌కి పంపాను. ఇన్ని కాపలాలు ఎందుకంటారా? రాత్రి ఒంటిగంటకి కళ్లు మూతలు పడుతూ కొట్టే వేళ్లని నేను నమ్మను.

మా టేబుల్‌లో ఉన్న కాలమ్‌లు ఇవీ: వరస సంఖ్య, వైపు, పేరు, ఊరు, రూపాయలు, వస్తువు, సమయం. వస్తువు ఎందుకంటే వెండి కుంకుమ భరిణెలు, స్టీలు బిందెలు తెచ్చేవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్ల పద్దులో రూపాయలు ఖాళీగా వదిలేస్తాం. ఆ చెక్ షరతు ఖాళీని అడ్డుకోదు.

సమయం గురించి ఒక్క మాట. ఎస్‌క్యూలైట్‌లో 'కరెంట్ టైమ్‌స్టాంప్' అంటే మన గడియారం కాదు, మనకన్నా ఐదున్నర గంటలు వెనక ఉండే గ్రీనిచ్ లెక్క. మా ముహూర్తం వేళకి, అంటే 2 గంటల 10 నిమిషాలకి చదివించినవాళ్ల పద్దు ముందు రోజు తేదీతో, రాత్రి 8.40కి రాసినట్టు పడుతుంది. అందుకని దాన్ని వదిలేసి, పీహెచ్‌పీలో టైమ్‌జోన్‌ని 'ఏసియా స్లాష్ కోల్‌కతా' చేసి, 'డేట్' ఫంక్షన్ ఇచ్చిన సమయాన్నే రాయించాను.

ఇప్పుడు పద్దు రాయడం. ఫారంలో కొట్టిన పేరుని నేరుగా ఎస్‌క్యూఎల్ వాక్యంలో, అంటే డేటాబేస్‌కి పని చెప్పే వాక్యంలో, అతికించకండి. హ్యాకర్లు వస్తారని కాదు, మా పెళ్లికి హ్యాకర్లెవరూ రాలేదు. కానీ గోదావరి జిల్లాల్లో ఒకే పేరున్నవాళ్లు వీధికి నలుగురు ఉంటారు, గుర్తుకోసం మా మేనల్లుడు 'రైస్‌మిల్లు' పెదబాబు అని సింగిల్ కోట్స్ పెట్టి మరీ కొట్టాడు. వాక్యంలో అతికించి ఉంటే ఆ కోట్ దగ్గరే వాక్యం తెగిపోయేది. దీనికి 'ప్రిపేర్' ఉంది. వాక్యంలో విలువలు రావాల్సిన చోటల్లా ప్రశ్నార్థకం పెట్టి ప్రిపేర్‌కి ఇవ్వండి. తరవాత విలువలన్నీ వరసగా ఒక అర్రేలో పెట్టి 'ఎగ్జిక్యూట్'కి ఇవ్వండి. వాక్యం వేరే దారిలో, విలువలు వేరే దారిలో వెళతాయి కాబట్టి పేరులో ఏమున్నా నష్టం లేదు. ప్రశ్నార్థకం విలువల కోసమే, టేబుల్ పేరో కాలమ్ పేరో ఉండాల్సిన చోట పెడితే పనిచేయదు. ఊరివారీగానా, రూపాయలవారీగానా అని వరస మార్చుకునే బటన్ పెడితే, ఒప్పుకునే కాలమ్ పేర్లు మీరే ఒక చిన్న జాబితా రాసి అందులోంచే తీసుకోండి. తిరిగి పేజీలో చూపించేటప్పుడు 'హెచ్‌టీఎంఎల్ స్పెషల్ చార్స్' మరవొద్దు, పేరులో ఉన్న గుర్తులని బ్రౌజర్ పేజీ కోడ్ అనుకోకుండా అది ఆపుతుంది.

ఎగ్జిక్యూట్‌లో ఒక మెలిక ఉంది. బావగారు మధ్యలో వచ్చి "ఏ ఊళ్ల నుంచి పదివేలు దాటిందో చూడు" అన్నారు. ఊరివారీగా గ్రూప్ చేసి, 'హావింగ్ సమ్ అమౌంట్' ప్రశ్నార్థకం కన్నా ఎక్కువ అని రాసి, 10000 ఇచ్చాను. ఒక్క ఊరూ రాలేదు. అత్తిలి ఒక్కటే పదివేలు దాటిందని నాకు కళ్ల ముందు కనిపిస్తోంది. సంగతేంటంటే, ఎగ్జిక్యూట్‌కి అర్రేలో ఇచ్చిన ప్రతి విలువనీ పీడీఓ అక్షరాల కిందే పంపుతుంది. కాలమ్‌తో నేరుగా పోల్చితే ఎస్‌క్యూలైట్ దాన్ని అంకెగా మార్చుకుంటుంది కానీ, సమ్ లాంటి లెక్క ఫలితంతో పోల్చినప్పుడు మార్చుకోదు. దాని లెక్కలో ఏ అంకె అయినా ఏ అక్షరాలకన్నా చిన్నదే. అలాంటి చోట్ల 'బైండ్ వాల్యూ' వాడి, మూడో మాటగా 'పీడీఓ, పరమ్ ఇంట్' అని చెప్పాలి. చెప్పాను, అత్తిలి వచ్చింది.

తెలుగు పేర్ల సంగతి. ఎస్‌క్యూలైట్ తెలుగుని ఏ సెట్టింగూ లేకుండా దాచుకుంటుంది. పాత మైఎస్‌క్యూఎల్ రోజుల్లో తెలుగు పేర్ల చోట వరసగా ప్రశ్నార్థకాలు కనిపించేవి, ఆ బాధ ఇక్కడ లేదు. వెతకడంలో మాత్రం చిక్కుంది. ఒక ఫోన్‌లో రాజ్‌కుమార్ అని కొడితే జ్ తరవాత కంటికి కనిపించని అక్షరం ఒకటి పడుతుంది, అది ఉండబట్టే జ కింద క వత్తు పడకుండా ఆగుతుంది. ఇంకొకరు మధ్యలో ఖాళీ ఇచ్చి రాజ్ కుమార్ అంటారు. మనిషికి రెండూ ఒకే పేరు, కంప్యూటర్‌కి కాదు. అందుకని పేరు కాలమ్ పక్కన వెతకడం కోసమే ఇంకో కాలమ్ పెట్టాను. అందులో ఆ కనిపించని అక్షరాన్నీ ఖాళీలనీ తీసేసి రాస్తాం. పీహెచ్‌పీలో దాన్ని పట్టుకోవాలంటే డబుల్ కోట్స్‌లో బ్యాక్‌స్లాష్, చిన్న యూ, మీసాల బ్రాకెట్లో 200సీ అని రాయాలి. వెతికే మాటనీ అలాగే శుభ్రం చేశాకే పోల్చండి. అలాగే పేరు పొడవు మీద పరిమితి పెడితే 'స్ట్ర్ లెన్' వాడకండి. శ్రీ అన్న ఒక్క అక్షరాన్ని అది 12 అంటుంది, ఎందుకంటే అది లెక్కపెట్టేది బైట్లని. 'ఎంబీ స్ట్ర్ లెన్' 4 అంటుంది, అదీ మనం అనుకునే 1 కాదు కానీ కాస్త నయం.

పాత గృహప్రవేశం పద్దులు కూడా ఇందులోకి ఎక్కించాను, ఎవరికి ఎంత తిరిగి పెట్టాలో చూసుకోవాలి కదా. వందల పద్దులు ఒకేసారి ఎక్కించేటప్పుడు ముందు 'బిగిన్ ట్రాన్సాక్షన్', చివర 'కమిట్' పెట్టండి. లేకపోతే ప్రతి పద్దుకీ డిస్క్ మీద నిజంగా పడిందో లేదో చూసుకుంటూ ఎస్‌క్యూలైట్ ఆగుతుంది. పాత తిరిగే హార్డ్ డిస్క్ మీద అలా సెకనుకి కొన్ని పదులే ఎక్కుతాయి. ఒకే ట్రాన్సాక్షన్‌లో కట్టేస్తే వేలకి వేలు ఎక్కుతాయి.

నడపడానికి అపాచీ లాంటి వెబ్ సర్వర్ కూడా పెట్టలేదు. పీహెచ్‌పీలో 5.4 నుంచి చిన్న వెబ్ సర్వర్ ఉంది. 'పీహెచ్‌పీ, మైనస్ పెద్ద ఎస్, నాలుగు సున్నాల మధ్య చుక్కలు, కోలన్, 8000, మైనస్ చిన్న టీ, పబ్లిక్' అంటే చాలు. ఫోన్ హాట్‌స్పాట్‌కి ల్యాప్‌టాప్‌నీ రెండో ఫోన్‌నీ కలిపి, ల్యాప్‌టాప్ ఐపీ నంబరుతో రెండో ఫోన్‌లో పేజీ తెరిచాం. ఫోన్‌లో తెరుచుకోకపోతే విండోస్ ఫైర్‌వాల్‌ని చూడండి. ఈ సర్వర్ పెళ్లి మండపానికి సరిపోతుంది, ఊరందరికీ తెరిచే వెబ్‌సైట్‌కి పనికిరాదు. ఎస్‌క్యూలైట్ మాత్రం చిన్న వెబ్‌సైట్‌కీ పనికొస్తుంది. ఒకే మెషీన్ మీద ఉండి, రాసేవాళ్లు తక్కువ, చదివేవాళ్లు ఎక్కువ అయితే దాన్ని మార్చాల్సిన పనేలేదు. ఎప్పుడూ పదుల మంది ఒకేసారి రాస్తుంటే, రెండు మూడు సర్వర్లు ఒకే డేటాని వాడాల్సి వస్తే, ఫైలుని నెట్‌వర్క్ షేర్‌లో పెట్టాల్సి వస్తే మాత్రం మైఎస్‌క్యూఎల్‌కో పోస్ట్‌గ్రెస్‌కో వెళ్లండి. కనెక్షన్ లైను మారుతుంది, ప్రాగ్మాలు పోతాయి, టేబుల్ కట్టే వాక్యం కొంచెం మారుతుంది. ప్రిపేర్లు, ఎగ్జిక్యూట్లు అలాగే ఉంటాయి. మైఎస్‌క్యూఎల్ అయితే కనెక్షన్ లైనులోనే క్యారెక్టర్ సెట్‌ని 'యూటీఎఫ్8 ఎంబీ4' అని ఇవ్వండి. ఉత్త యూటీఎఫ్8లో తెలుగు పడుతుంది కానీ ఎమోజీ పడదు.

చివరిగా బ్యాకప్. వాల్ పెట్టాం కాబట్టి సర్వర్ నడుస్తుండగా డేటాబేస్ ఫైలు ఒక్కదాన్నే పెన్‌డ్రైవ్‌లోకి లాగేయకండి. తాజా పద్దులు పక్కన ఉన్న 'వాల్' ఫైలులో ఉండిపోయి కాపీలో కనిపించకపోవచ్చు. 'వ్యాక్యూమ్ ఇంటూ' అని రాసి కొత్త ఫైలు పేరు ఇస్తే, పని నడుస్తుండగానే పూర్తి కాపీ వేరే ఫైలుగా వస్తుంది. నేను గంటకోసారి చేశాను. పెళ్లయ్యేసరికి 412 పద్దులు, ఫైలు నూరు కేబీ కూడా లేదు.

బావగారికి ఎక్సెల్‌లో కావాలన్నారు. 'ఎఫ్ పుట్ సీఎస్‌వీ'తో సీఎస్‌వీగా, అంటే కామాలతో విడదీసిన మామూలు ఫైలుగా, రాసి పంపితే తెలుగు పేర్లన్నీ పిచ్చి గీతల్లా వచ్చాయి. సీఎస్‌వీ ఫైలు మొదట్లో ఈఎఫ్, బీబీ, బీఎఫ్ అన్న మూడు బైట్లు రాసి మళ్లీ పంపాను, అప్పుడు సరిగ్గా తెరుచుకుంది. ఆయన దాన్ని ప్రింట్ తీయించి, నాలుగు మూలలా పసుపు రాసి, బీరువాలో పాత చదివింపుల పుస్తకాల మీద పెట్టారు.